నేలకు తగ్గ పిట్టలు: రోళ్లపాడు నుంచి లంకమల దాకా

మార్చి 4, కర్నూలు – రోళ్లపాడు

టిఫిన్ బండి దగ్గర ఉగ్గాని చేతికొచ్చేలోపు డ్రైవర్ తన ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. తెల్లటి మంచు, గాలి హోరు, వేల పెంగ్విన్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడి ఉన్నాయి. "అంత చలికి తట్టుకునేటివి, మన ఎండకు తట్టుకోలేవా సార్? నాలుగు తెచ్చి తుంగభద్ర ఒడ్డున ఇడిస్తే రోంత దినాలకు అలవాటు పడవా?" అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగాడు. సీమలో పిట్టలు చూడటానికి తిరిగిన అయిదు రోజులూ బండిలో ఆ ప్రశ్న మాతోపాటే తిరిగింది.

ఉగ్గాని ప్లేటు, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి 40 రూపాయలు. బొరుగులు నీళ్లలో ముంచీ ముంచగానే పిండి తీసెయ్యాలి. అరనిమిషం ఆలస్యమైతే ముద్దవుతుంది. ఈ బండామె గిన్నెలో ముంచదు, జల్లెడలో పోసి పైనుంచి నీళ్లు చల్లుతుంది. అందుకే గింజ గింజా విడిగా ఉంది. పుట్నాల పొడి చివర్లో పడాలి, ముందే వేస్తే తడి పీల్చేసి గడ్డ కడుతుంది.

కర్నూలు నుంచి రోళ్లపాడు దాదాపు 45 కిలోమీటర్లు. గార్గేయపురం చెరువు దాటి నందికొట్కూరు చేరేదాకా రోడ్డు సూటిగా ఉంటుంది. తప్పు జరిగేది నందికొట్కూరులోనే. మిడుతూరు వైపు తిరగాల్సిన చోట తిన్నగా పోతే ఆత్మకూరు రోడ్డు పడుతుంది. మేమూ అదే చేశాం. పక్కనే పోతున్న ట్రాక్టరాయన్ని అడిగితే "పిట్టల బీడుకా? ఎనక్కి పోండి. పిట్టలు లేవు గానీ జింకలైతే కావాల్సినన్ని" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో సాయంత్రానికి తెలిసింది.

రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది, విస్తీర్ణం 614 హెక్టార్లు. అడవి అనుకుని వచ్చినవాళ్లు నిరాశపడతారు. ఇది గడ్డినేల. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగుపొదలు, ఎర్రనేల నల్లరేగడిలో కలిసే చోట్లు. బట్టమేక పక్షికి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కావాల్సింది అచ్చంగా ఇదే. మీటరు ఎత్తు, మగదైతే 12 కిలోలు దాటే బరువు. ఎగరగలిగిన పక్షుల్లో ఇంత బరువైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాని కాలికి మూడే వేళ్లు, మూడూ ముందుకే. వెనకవేలు లేదు కాబట్టి కొమ్మను పట్టుకోలేదు, చెట్టెక్కలేదు. నడవడానికి మాత్రం అంత చక్కటి పాదం మరొకటి ఉండదు. మిడతలు, పేడపురుగులు, రేగుపండ్లు, కోతయ్యాక చేలో రాలిన వేరుశనగ, ఏది దొరికితే అది తింటూ రోజంతా నడుస్తుంది. మధ్యాహ్నం ఎండకు పొద నీడలో నిలబడి నోరు తెరిచి గొంతు ఆడిస్తుంది. పక్షికి చెమట పట్టదు, ఒంట్లోని వేడి చాలావరకు ఆ గొంతు తడి మీదుగానే పోవాలి.

వానాకాలం మొదలయ్యాక ఆడపక్షి నేల మీద చిన్న పల్లంలో సాధారణంగా ఒకే గుడ్డు పెట్టి, సుమారు 27 రోజులు ఒంటరిగా పొదుగుతుంది. మగది ఆ దరిదాపుల్లో ఉండదు. గూడు లేదు, కంచె లేదు, దాపు లేదు. ఉన్న ఒకే రక్షణ గడ్డి ఎత్తు. తలెత్తితే నాలుగు దిక్కులూ కనబడాలి, తల దించితే తాను కనబడకూడదు. గడ్డి మరీ పొట్టిగా ఉంటే నక్కకు దొరుకుతుంది, మరీ పొడుగైతే నక్క దానికి కనబడదు. ఏడాదికి ఒకే గుడ్డు కాబట్టి ఒక కుక్క తొక్కినా, ఒక గొర్రెల మంద నడిచినా ఆ ఏటి లెక్క సున్నా.

1980ల్లో ఇక్కడ బట్టమేకలు పదుల సంఖ్యలో ఉండేవి. కాపలాదారు పెద్దాయన చేతి కర్రతో దూరంగా చూపిస్తూ చెప్పాడు. "అదో ఆ దిబ్బ మీద మగది నిలబడి గొంతు ఉబ్బించి కూస్తే ఊర్లోకి ఇనపడేది నాయనా. చుట్టూ అంతా జొన్న, కొర్ర. ఇప్పుడు కాలవ నీళ్లొచ్చినాయి. పత్తి, మిరప. మందులు కొడతారు, పురుగు లేదు. పురుగు లేకుంటే అది ఏం తింటాది?" పక్షి శాస్త్రవేత్తలు రాసిన కారణాలకూ ఆయన మాటకూ పెద్ద తేడా లేదు. 614 హెక్టార్లు బట్టమేక గుడ్డు పెట్టడానికి సరిపోవచ్చేమో గానీ తిని తిరగడానికి చాలదు. దానికి బయటి చేలు కావాలి. ఆ చేలు మారాయి. లోపల కాపాడిన గడ్డిని కృష్ణజింకలు సొంతం చేసుకున్నాయి. సాయంత్రం గంటసేపట్లో నూరు పైనే లెక్కపెట్టాం. కంచె దాటి చేలల్లో పడి మేస్తున్నాయని చుట్టుపక్కల రైతులకు అభయారణ్యం పేరెత్తితేనే కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బట్టమేకకు కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి. ఎగురుతూ నేలను చూడటానికి తల వంచితే ఎదురుగా ఏముందో దానికి కనిపించదు. కొన్ని వేల ఏళ్లు గాలిలో అడ్డమన్నదే లేని గడ్డినేల మీద ఎగిరిన పక్షికి ఎదురు చూపుతో పనేముంది? కరెంటు తీగలు వచ్చాక అదే ప్రాణం తీస్తోంది. చూసినా తప్పించుకోవడానికి అంత బరువును చప్పున మళ్లించలేదు. దేశమంతా కలిపి ఇప్పుడు బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 దాకానే, దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే.

మధ్యాహ్నం కాపలాదారు ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పుల్లటి మజ్జిగ. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "తినేదానికి లెక్క ఏంది" అన్నాడు. ఈ పల్లెల్లో పద్ధతి అదే. ఇవ్వాలనుకుంటే ముందే పండ్లో బిస్కెట్లో తీసుకెళ్లి పిల్లల చేతికివ్వాలి. పెద్దవాళ్ల చేతిలో నోటు పెడితే నొచ్చుకుంటారు.

సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా పిల్లిగద్దల సమయం. చలికాలానికి మధ్య ఆసియా నుంచి వచ్చి ఏప్రిల్‌కల్లా వెళ్లిపోతాయి. గద్ద జాతే అయినా రాత్రి చెట్టు మీద కాదు, గడ్డిలో నేల మీద పడుకుంటాయి. ఒక్కొక్కటే తక్కువ ఎత్తులో తేలుతూ వచ్చి రెండు చుట్లు తిరిగి గడ్డిలో మునిగిపోయింది. పదకొండు లెక్కపెట్టాం. వందల్లో దిగిన రోజులు చూసిన పెద్దాయన ఆ అంకె విని ఏమీ అనలేదు.

మార్చి 5, రోళ్లపాడు పొద్దున, అనంతపురం రాత్రి

రాత్రి నందికొట్కూరు లాడ్జి, 700 రూపాయలు, ఫ్యాను గట్టిగా మోగుతుంది. ఆరింటికి మళ్లీ రోళ్లపాడు. ఎనిమిది దాటాక నీటికుంట దగ్గర కదలకుండా కూర్చోవాలి. పావురమంత పక్షులు, ఇసుక రంగు, పొట్ట మాత్రం ముదురు గోధుమ. శాండ్‌గ్రౌస్. పొద్దెక్కాక గుంపుగా వచ్చి నాలుగు గుక్కలు తాగి పోతాయి. కుంటకు ముప్పై అడుగులకన్నా దగ్గరగా మనిషి ఉంటే దిగవు, రెండుసార్లు చుట్టూ తిరిగి తాగకుండానే వెళ్లిపోతాయి. కాబట్టి అవి రాకముందే కూర్చోవాలి, అవి పోయేదాకా లేవకూడదు. ఫోటో కోసం ఓ అడుగు ముందుకు జరిగితే ఆ పూటకు వాటికి నీళ్లు లేనట్టే.

మొత్తం ఇరవై రెండు వచ్చాయి. అన్నీ తాగి లేచిపోయాక ఒక మగది మాత్రం నిలిచింది. నీళ్లలోకి పొట్ట దాకా దిగి, ఈకలు ఉబ్బించి, ఎడాపెడా ఊగడం మొదలుపెట్టింది. డ్రైవర్ అది స్నానం అనుకున్నాడు. స్నానం కాదు, నీళ్లు మోసుకుపోవడం. మగ శాండ్‌గ్రౌస్ పొట్ట ఈకల్లోని సన్నటి పోగులు పొడిగా ఉన్నప్పుడు స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. తడవగానే విప్పుకుని నీటిని పట్టి ఉంచుతాయి, స్పాంజిలాగా. ఆ తడి పొట్టతో ఎగిరి బీడులో దాక్కున్న పిల్లల దగ్గరికి వెళ్లి నిలబడితే, పిల్లలు కిందికి దూరి ఆ ఈకలు చప్పరిస్తాయి. ఎండుగింజలు తప్ప ఇంకేమీ తినని పిల్లలకు దొరికే నీళ్లు అవే.

పెంగ్విన్ ఈక దీనికి సరిగ్గా తిరగేసిన పని చేస్తుంది. పొట్టిగా, బిరుసుగా, పెంకులు పరిచినట్టు ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటుంది. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఒళ్లంతా రాసుకుంటుంది. నీళ్లు లోపలికి పోవు. ఈకల అడుగున ఉన్న నూగులో గాలి నిలబడుతుంది, ఆ గాలే దుప్పటి. ఈకలు మార్చుకునే రెండు మూడు వారాలు ఆ రక్షణ ఉండదు గనక సముద్రంలో దిగలేదు, తిండి లేకుండా ఒడ్డునే నిలబడుతుంది. అందుకే అంతకుముందు కడుపు పట్టినంత తిని కొవ్వు పెంచుకుంటుంది. ఇక బట్టమేక సంగతి చూస్తే, దానికి ఆ నూనె గ్రంథే లేదు. మట్టిలో పొర్లి ఈకలు శుభ్రం చేసుకుంటుంది. వాన తక్కువ నేలలో నూనె దేనికి?

ఇదంతా విని డ్రైవర్, "అయితే పెంగ్విన్‌ను మన ఎండలో ఇడిస్తే కంబళి కప్పుకుని పొయ్యి కాడ కూర్చున్నట్టు" అన్నాడు. ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం.

అయితే ఒక మెలిక ఉంది. పెంగ్విన్లన్నీ మంచులో ఉండవు. ఉన్న 18 జాతుల్లో అంటార్కిటికా తీరానికే కట్టుబడినవి రెండే, ఎంపరర్, అడీలీ. పెరూ, చిలీ తీరంలో హంబోల్ట్ పెంగ్విన్లు ఎడారి ఒడ్డునే గుడ్లు పెడతాయి. ఆ నేల మన సీమకన్నా ఎండు. వాటి ముఖం మీద ముక్కు మొదట్లో ఈకల్లేని గులాబీ చర్మం ఉంటుంది. ఒంట్లో వేడి పెరిగితే రక్తం అక్కడికి పారి చల్లబడుతుంది. బొరియల్లో, రాతి సందుల్లో గూడు పెట్టి ఎండ తప్పించుకుంటాయి. అయినా ఆ ఎడారి పక్కన చల్లటి హంబోల్ట్ సముద్ర ప్రవాహం, అందులో లెక్కలేనన్ని చిన్న చేపలు ఉన్నాయి కాబట్టే వాటి బతుకు అక్కడ సాగుతోంది. ఎల్‌నినో వచ్చి ఆ నీళ్లు వేడెక్కిన ఏడు చేప లోతుకు, దూరానికి పోతుంది. గూళ్లు వదిలేస్తాయి. 2016లో ముంబై బైకుల్లా జూకు తెచ్చిన హంబోల్ట్ పెంగ్విన్లు ఉండేది ఏసీ గదిలోనే. తుంగభద్ర ఒడ్డు ముచ్చట అంతటితో తేలిపోయింది గానీ డ్రైవర్ పూర్తిగా వదల్లేదు.

కర్నూలు తిరిగొచ్చి జాతీయ రహదారి పట్టుకుంటే అనంతపురం మూడు గంటల లోపే. దారి గురించి చెప్పడానికేమీ లేదు. రాత్రి రాగి సంగటి, ఊరుబిండి, చిక్కటి పప్పు, 120 రూపాయలు. సంగటి ముద్దను నమలకూడదని పక్క టేబుల్ పెద్దమనిషి నేర్పించాడు. వేలితో తుంచి, ఊరుబిండిలో అద్ది, మింగెయ్యడమే. నమిలితే పళ్లకు పట్టుకుని వదలదు.

మార్చి 6, వీరాపురం

సీమలో వీరాపురాలు చాలా ఉన్నాయి. ఫోన్‌లో ఊరిపేరు మాత్రమే కొట్టి బయల్దేరితే ఎక్కడో తేలతారు. మాకు ముప్పావుగంట పోయింది. ‘చిలమత్తూరు మండలం’ అని చేర్చాలి. బెంగళూరు వెళ్లే హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగితే దారి సులువు. ఇక్కడి మాటలో సగం కన్నడ యాస. "ఏమప్పా, కొక్కెరలు చూసేకొచ్చినారా?" అని పలకరించింది ఓ అవ్వ.

ఊరు కనబడేముందే వాసన వస్తుంది. ఊళ్లో చెట్ల నిండా గూళ్లు, గూళ్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు. పుస్తకాల్లో పెయింటెడ్ స్టార్క్ అంటారు. మూడడుగుల పైన ఎత్తు, పసుపు ముక్కు, నారింజ ముఖం, తోక మీదికి వాలే గులాబీ ఈకలు. పేపర్లు వీటిని ఏటా సైబీరియా కొంగలని రాస్తాయి. ఊళ్లోనూ అదే మాట. అది తప్పు. ఇవి మన దేశపు పక్షులే. నీళ్లనూ చేపలనూ బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మారతాయి, హిమాలయాలు దాటి రావు. ఈ మాట చెప్పినప్పుడు టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు కొంచెం చిన్నబోయాయి. సైబీరియా నుంచి తమ ఊరినే వెతుక్కుంటూ వచ్చాయన్న గర్వం అది. తొందరపడి చెప్పామేమో అనిపించింది.

డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చి గూళ్లు కడతాయి. పిల్లలు ఎగిరేసరికి ఎండాకాలం ముగుస్తుంది. ఈ సమయం ఎందుకంటే, వాటి వేట పద్ధతి అలాంటిది. ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి బురదనీళ్లలో ముంచి ఎడమకూ కుడికీ తిప్పుతూ నడుస్తుంది. ముక్కులోపల ఏదైనా తగలగానే టక్కున మూస్తుంది. కాబట్టి నీళ్లు మోకాలి లోతులోపే ఉండాలి, చేపలు చిక్కగా ఉండాలి. నిండుచెరువు దానికి పనికిరాదు. ఎండిన చెరువూ పనికిరాదు. చెరువు దిగుతున్నప్పుడు, అంటే ఆయకట్టుకు నీళ్లు వదిలి మట్టం పడిపోతూ చేపలు గుంటల్లో గుమిగూడే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలే పండగ. సరిగ్గా అప్పుడే పిల్లల ఆకలి పెరుగుతుంది. వాన తక్కువై చెరువు జనవరికే ఎండితే కట్టిన గూళ్లు కూడా వదిలేసి పోతాయి. ఎండిన చెరువులో చేపపిల్లలు వదలాలన్నా, ట్యాంకర్లతో నీళ్లు పొయ్యాలన్నా ముందే చెయ్యాలి, గూళ్లు ఖాళీ అవడం మొదలయ్యాక లాభం లేదు.

పన్నెండున్నరకు ఎండ మాడుతోంది. చెట్టు చిటారున గూడు, నెత్తిన నీడ లేదు. అప్పుడు చూడాల్సింది తల్లిని. సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి, పిల్లల మీద గొడుగు పట్టి నిలబడుతుంది. పొద్దు జరిగినకొద్దీ తానూ తిరుగుతుంది. గంటకు పైగా అలాగే ఉంది. జంటలోని రెండోది చెరువు నుంచి వచ్చి గూటిలో చేపలు కక్కింది. పిల్లలు ఎగబడ్డాయి. ఒక చేప జారి కిందపడితే కుక్క ఎత్తుకుపోయింది.

డ్రైవర్ చాలాసేపు చూసి అడిగాడు, "ఎర్రకాళ్లంటారు, సున్నం పూసినట్టు తెల్లగుండాయే?" మంచి ప్రశ్న. ఈ కొంగలు తమ కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి, కావాలనే. ఆ తడి ఆరేటప్పుడు కాలిలోని రక్తం చల్లబడి ఒంట్లోకి తిరిగి పోతుంది. కుండ బయట తడి ఆరితే లోపలి నీళ్లు చల్లబడినట్టు. ఎండ పెరిగేకొద్దీ కాళ్లు తెల్లబడతాయి. పొద్దున ఎనిమిదింటికి గులాబీ రంగులో ఉన్న కాళ్లే మధ్యాహ్నానికి సున్నపు గుంజలు.

పెంగ్విన్ కాలిది మళ్లీ ఎదురు లెక్క. మంచు మీద నిలబడే పాదం నుంచి ఒంటివేడి కారిపోకూడదు. దాని కాలిలో కిందికి పోయే వేడి రక్తనాళాలూ పైకి వచ్చే చల్లటి నాళాలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. పోయే రక్తం తన వేడిని దారిలోనే వచ్చే రక్తానికి అప్పగిస్తుంది. పాదానికి చేరేది చల్లబడిన రక్తమే. పాదం గడ్డకట్టని మేరకు మాత్రం వేడి ఉంటుంది. కొంగ కాలితో వేడి పారబోసుకుంటుంది, పెంగ్విన్ కాలి దగ్గర వేడిని ఆపుకుంటుంది.

ఊరివాళ్ల ఓపిక గురించి చెప్పాలి. ఇంటి వాకిట్లో రెట్ట, కుళ్లిన చేపల కంపు, రేకుల మీద చప్పుడు. అయినా రాళ్లు వెయ్యరు, పెళ్లికైనా టపాసులు కాల్చరని చెప్పారు. చూడటానికి వెళ్లేవాళ్లు గూళ్ల కింద నిలబడకూడదు. బట్టల కోసం కాదు, కింద మనిషి ఉంటే పిల్లలు బెదిరి గూటి అంచుకు జరిగి పడిపోతాయి. పిల్ల కిందపడితే నోరు తెరిచి నీళ్లు పొయ్యకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడలో అట్టపెట్టెలో పెట్టి అటవీ సిబ్బందికి చెప్పాలి. వాళ్లు వచ్చేలోపు చిన్న చేపలు ముందు పెడితే చాలు, ఆకలుంటే అదే తింటుంది.

టీ పది రూపాయలు. అవ్వ ఇచ్చిన ఓళిగలకు మాత్రం లెక్క లేదు. రెండు తిన్నాక ఆపితే, "కొక్కెర పిల్లే అరకేజీ తింటాది, నీకేమప్పా" అని మూడోది వేసింది.

మార్చి 7, కదిరి మీదుగా కడప

దాదాపు అయిదు గంటల ప్రయాణం. కడపలో ఎర్రకారం దోశ, 50 రూపాయలు. కారం ఎండుమిర్చిని నానబెట్టి, ఉల్లి, వెల్లుల్లితో రుబ్బింది. దోశ కాలుతుండగానే పూసి పైన పప్పులపొడి చల్లుతారు. కొబ్బరి చట్నీ అడగకపోతే తినలేరు.

లంకమలకు కావాల్సింది ముందు అనుమతి. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, రాత్రిపూట అసలే కుదరదు. ఇది ఎర్రచందనం అడవి. చీకట్లో టార్చి పట్టుకుని తిరిగే కొత్తమనిషి ఇక్కడ ముందు దొంగే, తర్వాతే ఇంకేదైనా. అడవి బయట రోడ్డు పక్కన ఆగాలన్నా బీటు సిబ్బందికి బండి నంబరు చెప్పి ఉంచాలి. అలా చెప్పాకే బద్వేలు రోడ్డులో అట్లూరు వైపు వెళ్లాం. వెంట వచ్చింది పూర్వం పక్షుల సర్వేల్లో పనిచేసిన ఓ రైతు.

ఇక్కడి పక్షి కలివికోడి. తీతువు కన్నా చిన్నది, 27 సెంటీమీటర్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్. శాస్త్రానికి 1848లో తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక 86 ఏళ్లు ఎవరికీ చిక్కలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఇదే జిల్లాలోని రెడ్డిపల్లె దగ్గర ఓ ఊరి వేటగాడు రాత్రి టార్చి వెలుగులో పట్టుకుంటే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గుర్తుపట్టారు. శాస్త్రానికి పోయిన పక్షి ఊరికి ఎప్పుడూ పోలేదు. పేరు కూడా ఊరిదే, కలివి పొదల్లో తిరిగే కోడి. ఆ అభయారణ్యం ఈ పక్షి కోసం వచ్చిందే. తెలుగుగంగ కాలువ దాని చోటు మీదుగా పోబోతే దారి మార్చారు కూడా.

పగలు పొద కింద కదలకుండా ఉండి, రాత్రి నేల మీద పరిగెడుతూ పురుగులు తింటుంది. పెద్ద కళ్లు అందుకే. దానికి కావాల్సిన అడవి లెక్క వింటే ఆశ్చర్యమేస్తుంది. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, అంతకన్నా చిన్నవి వెయ్యి లోపు. పొదల మధ్య ఉత్త నేల ఉండాలి, పరిగెత్తడానికి. మేకలు, కట్టెలు కొట్టేవాళ్లు ఎక్కువైతే పొదలు పోతాయి. అసలు ఎవరినీ రానివ్వకపోతే పొదలు కమ్ముకుని పరుగుకు చోటుండదు. కాబట్టి కంచె వేసి తాళం పెట్టడం దీనికి మేలు కాదు. రోళ్లపాడు చూసి వచ్చిన కళ్లకు ఈ మాట బాగా ఆనుతుంది.

పొద్దు గుంకిన సుమారు ముప్పావుగంట తర్వాత కూస్తుంది, రెండు ముక్కల కూత, కొన్ని నిమిషాలే. అందుకు ముందే ఇంజను ఆపి, ఫోన్ మూసి కూర్చోవాలి. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవకూడదు. పోటీ పక్షి వచ్చిందనుకుని ఉన్న చోటు వదిలేసే ప్రమాదం ఉంది. తీతువు అరిచింది, నైట్‌జార్ టక్కుటక్కుమంది, దూరంగా కుక్కలు. అంతే. 2008 తర్వాత ఏళ్ల తరబడి జాడ దొరకని పక్షి ఒక సాయంత్రానికి పలుకుతుందని ఎవరూ రాలేదు.

చీకట్లో డ్రైవర్ గుసగుసగా అడిగాడు, దీని గూడెట్లుంటుందని. ఎవరూ చూడలేదు. దీనిదని రుజువైన గుడ్డు ఒక్కటే ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించింది. స్కాట్లాండ్‌లోని అబర్దీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో గుర్తింపు లేకుండా పడి ఉంటే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చారు. అంటార్కిటికా చలికాలపు చీకట్లో ఎంపరర్ మగది రెండు నెలల పైన తిండి లేకుండా, గుడ్డును పాదాల మీద పెట్టుకుని పొట్ట చర్మం కప్పి నిలబడుతుందని రోజుల లెక్కతో సహా తెలుసు. కడపకు గంట దూరంలో ఉండే పక్షి ఎన్నాళ్లు పొదుగుతుందో తెలియదు.

మార్చి 8, అట్లూరు దగ్గర

రాత్రి వెళ్లేముందు రైతు, చీకట్లో తిరిగే పిట్టల అడుగులు పట్టే ఓ పని చూపించాడు. పొదల మధ్య బాట మీద అయిదు మీటర్ల పొడవు, జానెడు పైన వెడల్పున నేల చదును చేసి, జల్లెడ పట్టిన సన్నమట్టి పలచగా పరిచాడు. చీపురుతో కాదు, అరచేత్తో సర్దాలి. చీపురు గీతలు పడితే అడుగు తెలియదు. మట్టి మందమైతే గుర్తు కూలిపోతుంది, పలచనైతే పడదు. వేలితో నొక్కితే గోరు అచ్చు నిలవాలి, అదే కొలత. గాలి ఉన్న రాత్రి, మంచు కురిసే రాత్రి దండగ. పొద్దున ఎండ వాలుగా ఉన్నప్పుడే చదవాలి, ఎనిమిది దాటితే నీడలు పోయి గుర్తులు కనబడవు.

ఆరున్నరకు వెళ్లాం. కలివికోడి అడుగులో మూడు వేళ్లే, వెనకవేలు ఉండదు. కౌజుపిట్టకు వెనకవేలు అచ్చు పడుతుంది. తీతువుతోనే తికమక, దాని వెనకవేలు చిన్నది గనక చాలాసార్లు నేలకు తగలదు. అందుకే ఒక్క అడుగు చూసి తేల్చరు. వరసగా ఉన్న అడుగులన్నీ కొలుస్తారు, ఫోటో తీస్తే పక్కన స్కేలు పెడతారు.

మట్టి మీద మొదటి మీటరులో కౌజుపిట్ట జంట అటునుంచి ఇటు దాటిన అడుగులు. నడుమ ఉడుము తోక గీత, దానికి రెండు పక్కలా గోళ్లు. తర్వాత ఒక మేక గిట్ట. ఆ పక్కన మూడువేళ్ల అడుగులు నాలుగు ఉన్నాయి. రైతు గొంతుక్కూర్చుని, శ్వాస తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, పుల్లతో కొలిచాడు. మూడో అడుగు వెనక చిన్న చుక్క చూపించి, "తీతువే" అన్నాడు.

చివరి అరమీటరులో ఇంకో గుర్తు పెద్దదిగా, లోతుగా ఉంది. ముందు భాగంలో అడ్డగీతలు, మధ్యలో అరిగిపోయిన కంపెనీ ముద్ర. ముగ్గురం డ్రైవర్ చెప్పుల వైపు చూశాం.

"రాత్రి ఒంటికి పోయొచ్చినా సార్," అన్నాడు. "చీకట్లో కనపళ్ళే."

రైతు ఏమీ అనకుండా ఆ అరమీటరు మీద మళ్లీ మట్టి జల్లి, అరచేత్తో సర్దడం మొదలుపెట్టాడు.